వ్యవసాయ విద్యార్థి – ఆతిథేయ రైతు

వ్యవసాయ శాస్త్రంలో పట్టా పుచ్చుకొనే విద్యార్థి నాలుగు సంవత్సరాలు చదవవలసి ఉంటుంది. ఆ చదువులో చివరి సంవత్సరం కొన్ని నెలలపాటు అతనికి తరగతిగది ఉండదు. కొందరు స్నేహితులతో కలిసి అతడు ఒక పల్లెకు వెళతాడు. అక్కడ ఒక్కొక్క విద్యార్థి ఒక్కొక్క రైతు వద్ద చేరి, ఆ రైతు పొలంలో జరిగే పనులన్నిటిలో పాల్గొంటాడు. ఆ రైతును ఆతిథేయ రైతు అంటారు. ఈ ఏర్పాటుకు గ్రామీణ వ్యవసాయ కార్యానుభవ కార్యక్రమమని పేరు. ఆంగ్ల నామంలోని పొడి అక్షరాలు కూర్చి విద్యార్థులు దీనిని ‘రావెప్’ అని వ్యవహరిస్తారు.

ఈ భావం ఒక్కనాడు పుట్టినది కాదు. చేతిపనిని ఆధారం చేసుకొని చదువు సాగవలెనని 1937లో వార్ధాలో జరిగిన విద్యా మహాసభలో గాంధీజీ ప్రతిపాదించారు. 1964–66 నాటి కొఠారీ విద్యాసంఘం అన్ని దశలలోను విద్యలో కార్యానుభవం అంతర్భాగం కావలెనని సిఫారసు చేసింది. వ్యవసాయ కళాశాలల విషయంలో రంధావా అధ్యక్షతన ఏర్పడిన సంఘం ఈ కార్యక్రమానికి రూపురేఖలు ఇచ్చింది. 2015లో ప్రారంభమైన ‘స్టూడెంట్ రెడీ’ పథకంలో ఇది ఒక ముఖ్యభాగమైనది. ఆంధ్రప్రదేశ్‌లో ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం, తెలంగాణలో ప్రొఫెసర్ జయశంకర్ విశ్వవిద్యాలయం తమ విద్యార్థులను ఈ విధంగానే పల్లెలకు పంపుతున్నవి.

విద్యార్థికి దీనివలన లాభమేమిటని అడిగితే, పొలం పని చేతికి అలవడుతుందని చాలామంది చెబుతారు. అది నిజమే గాని, అసలు లాభం అది కాదు. కొన్ని నెలలలో ఎవరూ నాగలిపట్టులో ఆరితేరరు. రైతు బిడ్డలకు వ్యవసాయ కళాశాలలలో కొన్ని స్థానాలు ప్రత్యేకించి ఉన్నవి. అట్టి విద్యార్థులకు పొలం కొత్త కానే కాదు. అయినను వారికి సైతం ఈ కార్యక్రమం అవసరమే. ఎందుకంటే ఇందులో నేర్చుకోవలసినది ముఖ్యంగా ఒక్కటి: ఒక సలహా పుస్తకంలోనుంచి పొలంలోకి వెళ్ళేటప్పుడు దానికి ఏమవుతుంది, అది తప్పితే నష్టం ఎవరిది?

మొదటి చిక్కు కొలతలలోనే ఎదురవుతుంది. పుస్తకం హెక్టార్లలో మాట్లాడుతుంది. రైతు ఎకరాలలోను, సెంట్లలోను, తెలంగాణలో అయితే గుంటలలోను మాట్లాడుతాడు. పుస్తకం నత్రజని, భాస్వరం అంటుంది. రైతు బస్తాలంటాడు. వరికి హెక్టారుకు 120 కిలోల నత్రజని వేయవలెనని విద్యార్థి చదివి వచ్చాడనుకొందాం. “అదంతా ఎందుకు బాబూ, ఎకరానికి ఎన్ని కట్టలో చెప్పు” అంటాడు రైతు. ఇక లెక్క కట్టవలసిందే. హెక్టారుకు సుమారు రెండున్నర ఎకరాలు గనుక, ఎకరానికి 48 కిలోల పైచిలుకు నత్రజని కావలె. యూరియాలో నత్రజని నూటికి 46 పాళ్ళు. అనగా 105 కిలోల యూరియా. బస్తా 50 కిలోలు ఉన్న రోజులలో ఇది రెండు బస్తాల పై మాట. 2018 నుంచి యూరియా బస్తా 45 కిలోలకు తగ్గింది కనుక, ఇప్పుడు రెండు బస్తాలు పోయగా ఇంకొక బస్తాలో మూడవ వంతు కావలసి వస్తుంది.

లెక్క ఇంతటితో ముగియలేదు. రైతు దమ్ములో ఒక బస్తా డి.ఎ.పి. వేసి ఉంటాడు. డి.ఎ.పి.ని రైతులు భాస్వరపు ఎరువుగానే తలుస్తారు. కాని 50 కిలోల ఆ బస్తాలో 23 కిలోల భాస్వరంతోపాటు 9 కిలోల నత్రజని కూడ ఉన్నది. దానిని లెక్కలోకి తీసుకొంటే యూరియా 86 కిలోలు చాలును. రెండు బస్తాలకు లోపే. మరచిపోతే దాదాపు 20 కిలోల యూరియా అదనంగా పడుతుంది. ఎరువు ఎక్కువైతే పైరు నల్లగా, ఏపుగా పెరిగి చూచేవారికి ముచ్చటగానే ఉంటుంది. కాని ఆ ఏపు మీదికే సుడిదోమ వస్తుంది, అగ్గితెగులు వస్తుంది. గాలివాన కొడితే పైరు పడిపోతుంది. బాపట్లలో రూపొందిన సాంబమసూరి అన్నానికి ఎంత మేలైనదైనా అగ్గితెగులుకు తట్టుకోలేదు. అటువంటి రకంలో ఈ 20 కిలోలు చిన్న పొరపాటు కాదు. పరీక్షలో లెక్క తప్పితే విద్యార్థికి రెండు మార్కులు పోతవి. పొలంలో తప్పితే పోయేది రైతుకు.

ఎరువు మోతాదు చెప్పుటకు ముందు భూసార పరీక్ష జరగవలె. ఇదికూడ విద్యార్థులు స్వయంగా చేసే పనులలో ఒకటి. పొలంలో ఎనిమిది పది చోట్ల పై చెత్త తీసివేసి, ‘వి’ ఆకారంలో ఆరంగుళాల లోతు గుంట తీసి, గుంట పక్కనుంచి పైనుండి కిందివరకు ఒకే మందాన మట్టిని చెక్కి తీయాలి. గట్ల దగ్గర, చెట్ల నీడలో, పెంటపోగులు వేసిన చోట, కాలువ ఒడ్డున తీయరాదు. అంతా ఒక గుడ్డమీద కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురుగా ఉన్న రెండు భాగాలు ఉంచుకొని తక్కినవి పారవేయాలి. అరకిలో మట్టి మిగిలేవరకు ఇట్లా చేసి, నీడలో ఆరబెట్టి పరీక్షకు పంపాలి. చెప్పుటకు సులువే. కాని పెంటపోగు ఎక్కడ వేశారో, ఏ మూల చౌడు తేలుతుందో, ఏ మడిలో నిరుడు నీరు నిలిచిపోయిందో రైతు చెబితే తప్ప విద్యార్థికి తెలియదు. ప్రయోగశాల ఇచ్చే ఫలితం ఎంత నమ్మదగినదో, మట్టి తీసినవాడు రైతును ఎన్ని ప్రశ్నలు అడిగాడన్న దానిపై ఆధారపడి ఉంటుంది.

నాట్ల కాలం వచ్చేసరికి విద్యార్థులు బురదలోకి దిగుతారు. నాటేవారు ముందుకు కాక వెనుకకు నడుస్తారు. నాటిన మొక్కను తొక్కకుండా ఉండుటకు అదే మార్గం. కొత్తవారు ముందుకు అడుగువేసి, తాము నాటినదానినే తొక్కుతారు. పక్కనున్న కూలి స్త్రీలు నవ్వి, “వెనక్కి రావాలమ్మా” అని చేయిపట్టి దిద్దుతారు. నడుము వంచి ఒక గంట నాటిన విద్యార్థికి, ఆ పని రోజంతా చేసేవారి శ్రమ ఏపాటిదో పుస్తకం అక్కరలేకుండానే అర్థమవుతుంది.

అయితే అసలు పాఠం నాటిన తరువాత ఉన్నది. వరుసకు వరుసకు 20, కుదురుకు కుదురుకు 15 సెంటీమీటర్ల ఎడం ఉంటే చదరపు మీటరుకు 33 కుదుళ్ళు పడతవి. ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదిలితే పైరుకు గాలీ వెలుతురూ ఆడి దోమ తగ్గుతుంది. విద్యార్థి చదరపు మీటరు చట్రం పట్టుకొని పొలంలో కుదుళ్ళు లెక్కిస్తాడు. 33కు బదులు 22 ఉన్నవనుకొందాం. ఎకరానికి 4,047 చదరపు మీటర్లు. అంటే ఆ ఎకరంలో ఉండవలసిన కుదుళ్ళలో 44,000కు పైగా లేవన్నమాట. వెంటనే అతనికి తోచే కారణం రైతుకు తెలియదని. కాని అడిగి చూస్తే రైతుకు తెలుసు. నాట్లు ఎకరానికి ఇంత అని గుత్తకు ఇచ్చారు. ముఠాకు పొద్దుగూకేలోగా ఎన్ని ఎకరాలు పూర్తయితే అంత కూలి. దగ్గర దగ్గరగా నాటితే పని సాగదు, కూలి గిట్టదు. దినకూలికి పెట్టి ఒత్తుగా నాటిద్దామంటే, కాలువ నీరు వచ్చిన వారంలో ఊరంతటికీ ఒకేసారి మనుషులు కావలె, దొరకరు. ఇందులో అజ్ఞానం ఎవరిది? రైతుదీ కాదు, ఆ స్త్రీలదీ కాదు. కూలి కట్టే పద్ధతి వలన వచ్చిన తేడా అది. ఈ సంగతి గ్రహించిన విద్యార్థి రేపు వ్యవసాయాధికారి అయినప్పుడు, ఒత్తుగా నాటండి అని ఊరక ఉపన్యసించడు. కుదుళ్ళ లెక్కను గుత్త ఒప్పందంలోకే ఎట్లా తేవచ్చునో, ఆ అదనపు శ్రమకు అదనపు కూలి ఎంత ఇవ్వవలెనో మాట్లాడుతాడు.

ఇక స్నేహితుల సంగతి. నలుగురు కలిసి ఉండుట ఈ కార్యక్రమానికి బలమూ, బలహీనతా కూడ. తరగతిలో మొదటివాడు పల్లెలో మొదటివాడు కాకపోవచ్చును. గట్టు తెగితే మట్టి వేయగల విద్యార్థి వద్ద, పట్టణంలో పెరిగిన విద్యార్థి పారపట్టు నేర్చుకొంటాడు. ఇరుగుపొరుగు ఇండ్లలోని స్త్రీలతో విద్యార్థినులు మాట్లాడగలిగినంత చనువుగా విద్యార్థులు మాట్లాడలేరు. విత్తనాలు దాచుట, పాడి, పెరటి తోట మొదలగు విషయాలు ఆ మాటలలోనే బయటపడతవి. కాని స్నేహితులు తమలో తామే మాట్లాడుకొంటూ కూర్చుంటే, కళాశాల వసతిగృహం పల్లెకు మారినట్లే గాని పల్లె వారికి తెలిసినట్లు కాదు.

కనుక పగలు ఎవరి రైతు వద్ద వారు పనిచేసి, రాత్రి భోజనాలైన తరువాత అందరూ కలిసి దినచర్య పుస్తకాలు పోల్చిచూచుకొనుట మేలైన పద్ధతి. ఒకరి ఆతిథేయుడు పది ఎకరాల ఆసామి, ఇంకొకరి ఆతిథేయుడు రెండెకరాల సొంతదారు, మరొకరిది కౌలు సేద్యం అయితే, ఒకే ఊరిలో ఒకే పంటకు మూడు విధాల లెక్కలు కనిపిస్తవి. పచ్చిరొట్టగా జీలుగగాని జనుముగాని పెంచి కలియదున్నమని విద్యార్థులందరూ చెప్పారనుకొందాం. భూసారం పెంచుటకు అది మంచి సలహాయే. సొంతదారు వింటాడు. కౌలురైతు తల ఊపి ఊరకుంటాడు. ఏడాది కౌలుకు తీసుకొన్న నేలలో సారం పెరిగితే వచ్చే ఏడు దానిని అనుభవించేది ఎవరో అతనికి తెలియదు. కౌలుదారులకు గుర్తింపు, బ్యాంకు రుణం లభించవలెనని ఆంధ్రప్రదేశ్‌లో 2011లో ఒక చట్టం, 2019లో మరొక చట్టం వచ్చినవి. 2019 చట్టం ప్రకారం ఇచ్చే సాగు హక్కు పత్రం కాలపరిమితి 11 నెలలు. దానికి భూయజమాని సమ్మతి కావలె. నేల శాస్త్రం చదివిన విద్యార్థికి, నేలను గురించిన ఈ సంగతి కౌలురైతు పక్కన కూర్చున్నప్పుడుగాని పూర్తిగా బోధపడదు. ఒక్క రైతును చూచినవాడు వ్యవసాయమంటే ఇదే అనుకొంటాడు. రాత్రిపూట స్నేహితుల లెక్కలతో పోల్చుకొన్నవాడు అట్లా అనుకోడు.

ఇంతవరకు విద్యార్థికి కలిగే లాభం చెప్పుకొన్నాము. ఆతిథేయ రైతు మాట ఏమిటి? పనులు మీదపడి ఉన్న కాలంలో అతడు ఓపికగా ప్రశ్నలకు జవాబులు చెబుతాడు. తన పొలంలో మట్టి తవ్వనిస్తాడు, మొక్కలు పీకి చూడనిస్తాడు. వారు చెప్పిన మాట విని పంట పెరిగితే సంతోషమే. తప్పితే? విద్యార్థి పల్లె విడిచి వెళ్ళిపోతాడు. అప్పు మాత్రం రైతు పేరనే ఉంటుంది. ఇందుకు ఒక మార్గమున్నది. విద్యార్థి చెప్పదలచిన కొత్త పద్ధతిని మొదట ఎకరంలో ఐదు సెంట్లలోనే చేసి చూపవలె. దాని పక్కనే రైతు తన పద్ధతిని సాగించవలె. రెండింటి ఖర్చూ, రెండింటి దిగుబడీ ఒకే కాగితం మీద వ్రాసి, వెళ్ళేముందు రైతు చేతికి ఇవ్వవలె. కొత్త పద్ధతి ఓడిపోయినా ఆ కాగితం ఇవ్వవలసిందే. రైతు చూపిన ఓపికకు అంతకంటె మంచి బదులు లేదు.

ఈ నియమం విద్యార్థులకే కాదు, మా వంటి వారికి కూడ వర్తిస్తుంది. 1960లలో తంజావూరు ప్రాంతంలో ఏ.డి.టి. 27 అనే వరి రకం రేడియో ప్రసారాల మూలంగా ఎంతగా వ్యాపించినదంటే, దానికి ‘రేడియో వరి’ అనే పేరు నిలిచిపోయింది. మాటకు అంత శక్తి ఉన్నది. ఆ మాట నమ్మి విత్తనం చల్లేవాడు మనకు కనబడడు కనుక, మాట్లాడేవానికి బాధ్యత ఇంకా పెరుగుతుంది.

పట్టణాలలోని తల్లిదండ్రులు, ముఖ్యంగా ఆడపిల్లల తల్లిదండ్రులు, పిల్లలను కొన్ని నెలలు పల్లెలో ఉంచుటకు జంకుతారు. బసకు, మంచినీటికి, రాకపోకలకు తగిన ఏర్పాటు ఉన్నదా అని కళాశాలవారిని నిలదీసి అడుగుట న్యాయమే. ఏర్పాటు సరిగా ఉంటే పంపవలసిందే. పొలంలో గడపక పట్టా పుచ్చుకొన్నవారు కూడ రేపు రైతుకు సలహా చెప్పే కుర్చీలోనే కూర్చుంటారు. ఎకరానికి ఎన్ని కట్టలని రైతు అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పి, ఆ జవాబు పండినదో ఎండినదో గట్టుమీద నిలబడి ఒక్క పంటకాలమైనా చూచినవారు ఆ కుర్చీలో ఉంటే, రైతు వారి మాటను నమ్ముటకు కొంత ఆధారముంటుంది.