పానగల్లులో రెండు కెమెరాలు

నల్లగొండ పక్కనున్న పానగల్లుకు పోయినప్పుడల్లా నా వెంట రెండు కెమెరాలుంటాయి. ఒకటి 2008లో వచ్చిన నికాన్ డి90, వీడియో తీయగలిగిన మొదటి డీఎస్ఎల్ఆర్. రెండోది 2012 నాటి కెనాన్ ఎస్ఎక్స్50, చిన్న ఒంట్లో 50 రెట్ల జూమ్.

ఛాయా సోమేశ్వరాలయం గర్భగుడిలో లింగం వెనుక గోడ మీద పగలంతా ఒక స్తంభపు నీడ నిలిచే ఉంటుంది. ఆ మసక వెలుతురులో నేను నమ్మేది పాత నికాన్‌నే. దాని సెన్సర్ వైశాల్యం రెండోదాని సెన్సర్‌కు సుమారు 13 రెట్లు. వాన నీళ్లు పట్టడానికి గంగాళం పెట్టడానికీ చెంబు పెట్టడానికీ ఉన్నంత తేడా. 1.8 ఎపర్చర్ ఉన్న 50 ఎంఎం లెన్స్ తగిలిస్తే నీడ అంచు ఎంత మెత్తగా వస్తుందో! జూమ్ కెమెరాతో అదే నీడ తీస్తే బొమ్మంతా ఇసుక చల్లినట్టుంటుంది.

గుడి దాటి ఉదయసముద్రం కట్ట ఎక్కితే లెక్క మారుతుంది. నీళ్ల నడుమ నిలబడ్డ కొంగ కన్ను కూడా కెనాన్‌కు దొరుకుతుంది. అది 1200 ఎంఎం లెన్స్‌కు సమానమైన చూపు. డి90కి అంత లెన్స్ కొనడం, మోయడం రెండూ నావల్ల కావు. కానీ జూమ్ పూర్తిగా లాగితే ఎపర్చర్ 6.5కు తగ్గుతుంది, పొద్దుగూకితే బొమ్మ కదిలిపోతుంది. కొంగ లేచిందా, మళ్లీ తెరలో వెతికి పట్టుకోవడం కష్టమే.

సెకండ్ హ్యాండ్‌లో ఏది కొనాలని మా చిన్నమ్మ కొడుకు అడిగిండు. పాత డీఎస్ఎల్ఆరే తీసుకోమన్నాను. వాళ్లింట్లో చెల్లె పెళ్లి ఉంది.