రవాణా చందా – కొనుగోలు అలవాటు

రొంపిచెర్ల నుండి నరసరావుపేటకు చదువుకై వెళ్ళు విద్యార్థి బస్సు పాసు తీసికొనినాడనుకొందము. సొమ్ము ముందే చెల్లించినందున అతడు ప్రతిసారి టిక్కెట్టు కొననక్కరలేదు; చిన్న పనికైనను బస్సెక్కుటకు వెనుదీయడు. ఇంటర్నెట్టు అంగళ్ళవారు సరుకుల రవాణాకై ముందుగా వసూలుచేయు చందాయు ఇట్టిదే.

అమెజాన్ కంపెనీ 2005లో అమెరికాయందు ‘ప్రైమ్’ అను సభ్యత్వమును ఆరంభించినది. ఏడాదికి 79 డాలర్లు కట్టినవారికి అనేక వస్తువులను, వేరుగా రవాణా రుసుము లేకుండ, రెండు దినములలో చేర్చుట దాని ఏర్పాటు. 2016 జూలైలో ఈ పద్ధతి మన దేశమునకు వచ్చినది. తొలుత ఏడాదికి 499 రూపాయలుగా ఉన్న చందా 2017లో 999, 2021 డిసెంబరులో 1,499 రూపాయలైనది.

చందా కట్టినంతనే కొనువాని లెక్క రెండు విధముల మారును.

మొదటిది, అడ్డు తొలగుట. అరువది రూపాయల కలముల పెట్టెకు నలుబది రూపాయల రవాణా రుసుము అడిగినచో, ఊరి దుకాణములోనే కొందము. లేదా నాలుగు వస్తువులు కూడువరకు ఆగుదుము. చందాదారునకు ఆగవలసిన పని లేదు. కావున అతడు చిన్న వస్తువులను విడివిడిగా, తరచుగా తెప్పించును.

రెండవది, కట్టిన సొమ్మును రాబట్టుకొనవలెనను తలపు. ఆర్క్స్, బ్లూమర్ అను మనశ్శాస్త్రజ్ఞులు 1985లో ఒక ప్రయోగమును ప్రకటించిరి. ఓహియో విశ్వవిద్యాలయపు నాటకశాలలో ఏడాది ప్రదర్శనలకు టిక్కెట్లు కొనవచ్చినవారిలో కొందరికి పూర్తి ధరకును, కొందరికి తగ్గింపు ధరలకును ఇచ్చిరి. ఎవరికి ఏ ధర అనునది కేవలము యాదృచ్ఛికము. అయినను ఏడాది మొదటి సగములో పూర్తి ధర ఇచ్చినవారే ఎక్కువ నాటకములు చూచిరి. రెండవ సగములో ఈ తేడా దాదాపు మాసిపోయినది.

ఈ తలపు ఎట్లు మోసగించునో లెక్కవేయుదము. చందాతో వచ్చు సినిమాలు మొదలగు సదుపాయములను పక్కనుంచి, చందా 1,499 రూపాయలు, ఒక్కొక్క రవాణాకు 40 రూపాయలు అనుకొందము. చందా గిట్టుటకు 38 పర్యాయములు సరుకు తెప్పించవలెను. ఒక కుటుంబమునకు నిజముగా అవసరమైనవి 20 మాత్రమే. మిగిలిన 18 పర్యాయములు, ఒక్కొక్కటి 200 రూపాయల చొప్పున అక్కరలేని వస్తువులను తెప్పించినచో 3,600 రూపాయలు ఖర్చగును. ‘మిగిలిన’ రవాణా రుసుము 720 రూపాయలే! కట్టిన చందా ఎట్లును తిరిగిరాదు. కావున ప్రతి కొనుగోలునకు ముందు అడుగవలసినది ‘ఈ వస్తువు కావలయునా?’ అనియే.

ఇచట ఒక జాగ్రత్త అవసరము. సభ్యులు ఇతరులకన్న ఎక్కువ కొనుచున్నారన్నంత మాత్రమున, అదంతయు చందా ప్రభావమే అనరాదు. ఎక్కువ కొనువారే చందా కట్టుటకు ముందుకు వత్తురు గదా! ఒకే కుటుంబము చందాకు ముందు ఎంత కొన్నదో, తరువాత ఎంత కొన్నదో పోల్చుట కొంత మేలైన పద్ధతి.

చందాలో చేర్చుట సులభముగను, మానుకొనుట కష్టముగను ఉంచు పద్ధతిని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో నిషిద్ధ పద్ధతుల జాబితాలో చేర్చినది.

విద్యార్థులు తమ యింటి ఏడాది కొనుగోళ్ళ పట్టికను వ్రాసి, అవసరమైనవానిని లెక్కించి, రవాణా రుసుముతో హెచ్చవేసి చూడవచ్చును. వచ్చిన మొత్తము చందాకన్న తక్కువైనచో, రవాణా కొరకు మాత్రము చందా కట్టుట నష్టమే.