మర లోపలి మర

కారు ఇంజన్‌లోని 14 మిల్లీమీటర్ల స్పార్క్ ప్లగ్‌ను తయారీదారు చెప్పిన మేరకు, అంటే 25 నుంచి 30 న్యూటన్ మీటర్ల దాకా బిగిస్తే, దాని మరల మీద పడే లాగుడు దాదాపు టన్ను బరువుకు సమానం. అదే సిలిండర్‌లో పెట్రోలు మండి ఒత్తిడి 60 బార్లకు చేరినప్పుడు ప్లగ్‌ను బయటికి తోసే బలం వంద కిలోల లోపే. ఈ రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టి చూస్తే చాలు, ప్లగ్ రంధ్రంలో మరలు ఊడిపోవడానికి లోపలి మంటకంటే బయటి పానాయే ఎక్కువ కారణమని తెలిసిపోతుంది. వంకరగా ఎక్కించి బలవంతంగా తిప్పిన ప్లగ్, కొలత లేకుండా ఇంకో అర చుట్టు అంటూ బిగించిన ప్లగ్, ఏళ్ల తరబడి కదలక మసి పట్టి, పీకేటప్పుడు అల్యూమినియాన్ని కూడా లాక్కొచ్చే ప్లగ్. మరలు పోయిన సిలిండర్ హెడ్ల వెనక సాధారణంగా ఉండేవి ఇవే. అలాంటి హెడ్‌లో రంధ్రాన్ని కాస్త పెద్దది చేసి లోపల ఉక్కు మర కూర్చోబెడితే, బండి యజమాని దాన్ని అతుకు పనిగానే చూస్తాడు. కొత్త హెడ్ కొంటేనే బాగుండేదేమోనని మథనపడతాడు. ఆ బెంగకు ఆధారం లేదని నా వాదన. సరిగ్గా వేసిన ఉక్కు మర, ఫ్యాక్టరీలో కోసిన అల్యూమినియం మరకంటే గట్టిది. పైగా అది ముందుగా మెరుగైన నిర్మాణ పద్ధతిగా రూపొంది, ఆ తర్వాతే మరమ్మతు షెడ్డుకు చేరింది.

అసలు చిక్కు ఎక్కడ మొదలైందో చూద్దాం. 1886లో అమెరికాలో చార్లెస్ మార్టిన్ హాల్, ఫ్రాన్స్‌లో పాల్ ఎరూ ఒకరికొకరు తెలియకుండానే విద్యుత్తుతో అల్యూమినియం తీసే పద్ధతి కనుక్కున్నారు. ఇనుముతో పోలిస్తే మూడో వంతు బరువు, వేడిని చప్పున బయటికి పంపే గుణం ఉన్న ఈ లోహం ముందు విమాన ఇంజన్లలోకి, తర్వాత కార్ల సిలిండర్ హెడ్లలోకి వచ్చింది. పోత ఇనుము హెడ్‌లో ప్లగ్ మరలు పోవడం అరుదు. అల్యూమినియం మెత్తన. ప్లగ్ ఒంటికున్నది ఉక్కు మర, అది ఎక్కేది దానికంటే చాలా బలహీనమైన లోహంలోకి. వేడెక్కినప్పుడు అల్యూమినియం ఉక్కుకంటే దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది కాబట్టి ప్రతి ప్రయాణంలోనూ ఈ రెండు లోహాలూ ఒకదానిపై ఒకటి రాసుకుంటూనే ఉంటాయి. దీనికి తోడు మరలన్నీ బరువును సమంగా పంచుకుంటాయనుకోవడం పొరపాటు. 19 మిల్లీమీటర్ల మర పొడవున్న ప్లగ్‌కు, మరకూ మరకూ మధ్య 1.25 మిల్లీమీటర్ల చొప్పున, పదిహేను చుట్లు ఉంటాయి. బిగించినప్పుడు ప్లగ్ ఒళ్లు కొద్దిగా సాగుతుంది, చుట్టూ ఉన్న లోహం కొద్దిగా నలుగుతుంది. ఆ తేడా వల్ల వాషర్‌కు దగ్గరగా ఉన్న మొదటి మర మీదే సుమారు మూడో వంతు బరువు పడుతుంది, అడుగున ఉన్న మరలకు దాదాపు ఏమీ మిగలదు. పల్లకీ ఎత్తిన బోయీల్లో ముందువాడి భుజమే విరిగిపోతున్నట్టు ఉంటుంది ఈ ఏర్పాటు. 1940లో జె. ఎన్. గూడియర్ ప్రచురించిన పరిశోధన సహా ఎన్నో కొలతలు ఈ అసమానతను రుజువు చేశాయి. పైమర తెగితే దాని బరువు రెండో మర మీద పడుతుంది, అది తెగితే మూడో దాని మీద.

ఈ సమస్యకు విరుగుడు వెతికినవాళ్లలో హెరాల్డ్ కామినెజ్ ముఖ్యుడు. ఆయన విమాన ఇంజనీరు. క్రాంక్‌షాఫ్ట్ అనేదే లేకుండా, పిస్టన్లు ఎనిమిది అంకె ఆకారపు క్యామ్‌ను నెట్టి తిప్పే విచిత్రమైన ఇంజన్ ఒకటి రూపొందించాడు. ఫెయిర్‌చైల్డ్ కంపెనీ కట్టిన ఆ ఇంజన్ 1927లో ప్రభుత్వ ధ్రువపత్రం కూడా పొందింది గానీ వణుకు ఎక్కువై నిలదొక్కుకోలేదు. ఆ తర్వాత ఆయన న్యూయార్క్ నగరంలోని లాంగ్ ఐలాండ్ సిటీలో ఉన్న ఎయిర్‌క్రాఫ్ట్ స్క్రూ ప్రొడక్ట్స్ సంస్థలో తేలిక లోహాల్లో మరలు నిలిచే మార్గం మీద పనిచేశాడు. 1930ల చివర్లో ఆయన పేరిట వచ్చిన పేటెంట్లలో తీగచుట్ట మరలు ఉన్నాయి. హెలికాయిల్ పేరుతో ప్రపంచమంతా ఎరిగిన వస్తువు అదే. ఇంజన్ కనిపెట్టిన మనిషిగా కామినెజ్‌ను ఇవాళ ఎవరూ తలచుకోరు, తీగచుట్ట మాత్రం లెక్కలేనన్ని యంత్రాల్లో ఉంది.

చూడటానికి అది చిన్న స్ప్రింగు. అయితే తీగ గుండ్రంగా ఉండదు, దాన్ని అడ్డంగా కోసి చూస్తే డైమన్ ఆకారం కనిపిస్తుంది. ఆ డైమన్ బయటి కొన హెడ్‌లో కొత్తగా కోసిన గాడిలో కూర్చుంటుంది, లోపలి కొన ప్లగ్‌కు మరగా పనికొస్తుంది. చుట్ట సహజంగా రంధ్రంకంటే కాస్త వెడల్పు, దాన్ని ముడిచి లోపలికి ఎక్కిస్తే విచ్చుకుని గోడను పట్టుకుంటుంది. తీగ 18-8 రకం స్టెయిన్‌లెస్ స్టీలు, చల్లగా లాగి గట్టిపరచినది కాబట్టి హెడ్ పోతపోసిన అల్యూమినియంకంటే దాని తన్యబలం నాలుగైదు రెట్లు ఎక్కువ. ఇందులో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది వేరే ఉంది. 14 మిల్లీమీటర్ల ప్లగ్‌కు తీగ వేయాలంటే అల్యూమినియంలో కోసే గాడి వ్యాసం 15.6 మిల్లీమీటర్ల దాకా పెరుగుతుంది. మర ఊడాలంటే తెగాల్సిన లోహపు చుట్టుకొలత ఆ మేరకు, అంటే సుమారు 11 శాతం, పెరిగినట్టే. పైగా తీగలోని ప్రతి చుట్టూ కొద్దిగా కదలగలదు. పైచుట్టు ఎక్కువ బరువు పడగానే కాస్త జరిగి కింది చుట్టుకు పని అప్పగిస్తుంది. మెత్తని లోహానికి భారం పంచి ఇచ్చే ఈ గుణం నేరుగా కోసిన మరకు ఎన్నటికీ రాదు.

బాగు చేసిన దానికి కొత్తదానంత బలం ఎక్కడిదని అడిగేవారికి విమానాలే జవాబు. లైకమింగ్, కాంటినెంటల్ కంపెనీల పిస్టన్ విమాన ఇంజన్లలో సిలిండర్ ఫ్యాక్టరీ గడప దాటకముందే 18 మిల్లీమీటర్ల ప్లగ్ రంధ్రాల్లో ఈ స్టీలు తీగ ఉంటుంది. ఆ ప్లగ్‌లను ఏడాది తనిఖీకో, అద్దె విమానాలైతే వంద గంటలకోసారో విప్పుతారు. ఇన్నిసార్లు విప్పి బిగించే చోట ఉత్త అల్యూమినియం మర నిలవదని తెలిసే ముందే తీగ పెట్టారు. స్టెయిన్‌లెస్ స్టీలు వేడిని సరిగా పంపదు కదా, ప్లగ్ కాగిపోదా అన్న అనుమానానికి కూడా ఇక్కడే సమాధానం ఉంది. తీగ పలుచన, ప్లగ్ వాషర్ ఆనేది మళ్లీ అల్యూమినియం మీదే. గాలితో చల్లబడే విమాన సిలిండర్ హెడ్ కారు హెడ్‌కంటే ఎంతో ఎక్కువ వేడి ఓర్చుకుంటుంది. చాలా లైకమింగ్ ఇంజన్లకు గరిష్ఠ పరిమితి 260 డిగ్రీల సెల్సియస్. ఆ వేడిలో పనిచేసేది నీటితో చల్లబడే కారు హెడ్‌లో పనిచేయదనడానికి కారణం కనిపించదు. మరి కార్లలో ముందే ఎందుకు పెట్టరు? ఖర్చు ఒకటి. పెట్టినా అక్కరకు వచ్చే సందర్భాలు తక్కువ కావడం రెండోది. ఇరిడియం, ప్లాటినం ప్లగ్‌లు లక్ష కిలోమీటర్లు దాటి నడుస్తున్న కాలంలో కారు యజమాని ప్లగ్ విప్పేది అరుదుగానే.

ఇంతకంటే బలమైన అభ్యంతరం మరొకటి ఉంది. ప్లగ్ గట్టిగా పట్టేస్తే, విప్పేటప్పుడు తీగ కూడా దాన్ని అంటిపెట్టుకుని బయటికి వచ్చేస్తుందని. నిజమే, వస్తుంది. రంధ్రం గోడ బాగా చిరిగిపోయి ఉంటే తీగకు పట్టు కూడా దొరకదు. అందుకే ప్లగ్ రంధ్రానికి నేనైతే తీగకంటే గట్టి ఉక్కు బుష్‌నే మేలంటాను. టైమ్-సెర్ట్ రకం బుష్‌కు పైన అంచు ఉంటుంది, అడుగు మరలను ప్రత్యేక పనిముట్టుతో విచ్చుకునేలా చేసి హెడ్‌లో బిగిస్తారు, ఇక ప్లగ్‌తో పాటు తిరిగి రావడానికి వీలుండదు. విజయవాడ ఆటోనగర్‌లో, హైదరాబాద్ లేత్ షాపుల్లో హెడ్ విప్పించి బుష్ వేయించడం వెనక ఉన్నదీ ఈ ఆలోచనే. రూపం మారినా సూత్రం ఒక్కటే: మెత్తని లోహంలో పెద్ద గాడి, దాని లోపల గట్టి లోహపు మర. 1990ల చివరి నుంచి ఫోర్డ్ ట్రక్కుల్లో వచ్చిన 5.4 లీటర్ల వి8, 6.8 లీటర్ల వి10 ఇంజన్ల కథ ఈ మరమ్మతు నిలుస్తుందనడానికి మంచి సాక్ష్యం. రెండు వాల్వుల ఆ హెడ్లలో తొలినాళ్ల రంధ్రాలకు ప్లగ్‌ను పట్టుకునే మరలు మరీ తక్కువ. ప్లగ్ కాస్త వదులైతే చాలు, మొదట్లో చెప్పిన ఆ వంద కిలోల తోపుడే నిమిషానికి వందల సార్లు కొట్టి మరలను చీల్చుకుని ప్లగ్‌ను బయటికి ఎగరగొట్టేది. 2007లో ఫోర్డ్ తన సర్వీసు ప్రకటనలో లాక్-ఎన్-స్టిచ్ సంస్థ తయారుచేసిన బుష్‌ను ఆమోదించింది. హెడ్ మార్చక్కర్లేదని ఇంజన్ కట్టినవారే ఒప్పుకున్నారు. ఆ బుష్ అల్యూమినియంది. హెడ్‌తో సమానంగా వ్యాకోచిస్తుంది, వేడినీ అలాగే పంపుతుంది. అంటే గెలిచింది ఉక్కు ఒక్కటే కాదు, మర పట్టు ఎంత లోహం మీద, ఎన్ని చుట్ల మీద పంచామన్న లెక్క.

ఇంత మాట చెప్పాక చేతిపని సంగతి దాటేయలేను, ఎందుకంటే ఈ మరమ్మతు చెడిపోయిన చోట తప్పు సూత్రానిది కాదు, పనితనానిది. మర కోసే ట్యాప్ ఏ కొంచెం వాలినా కొత్త మర వాలుతుంది, వాషర్ ఒక పక్కే ఆనుతుంది, పొగ ఊరుతుంది. అందుకే మొన పాత మరల వెంట దిగుతూ పైభాగం కొత్త గాడి కోసే మెట్ల ట్యాప్ వాడాలి. హెడ్ విప్పకుండా చేసేటప్పుడు పిస్టన్‌ను కిందికి దించి, ట్యాప్ గాడుల నిండా గ్రీజు పట్టించి, రెండు మూడు చుట్లకోసారి బయటికి తీసి తుడవాలి. ఆఖర్న వాక్యూమ్‌తో పీల్చి, చిన్న కెమెరా దించి లోపల ఒక్క రజను కూడా లేదని చూడాలి. తీగ వేస్తే దాని అడుగున ఉండే తోకను విరిచేటప్పుడు పట్టుకోకపోతే అది నేరుగా పిస్టన్ మీద పడుతుంది. ప్లగ్ తిరిగి ఎక్కించేటప్పుడు మొదటి చుట్లు చేత్తోనే తిప్పాలి, ఇంజన్ చల్లగా ఉండాలి, బిగింపు టార్క్ రెంచితోనే. బైకుల్లో వచ్చే 10 మిల్లీమీటర్ల ప్లగ్‌కు 10, 12 న్యూటన్ మీటర్లే చాలు. మళ్లీ పట్టేయకుండా ఉంటుందని మరలకు యాంటీ-సీజ్ పూయడం చాలామందికి అలవాటు. నికెల్, జింకు పూతలున్న నేటి ప్లగ్‌లకు అది వద్దని ప్లగ్‌ల తయారీ సంస్థ ఎన్‌జీకే చెబుతోంది. జారుడు పెరిగితే రెంచి అదే అంకె చూపిస్తూనే మర మీద లాగుడును టన్ను దాటించేస్తుంది.