చికాగో కళ్లజోడు

1924వ సంవత్సరము మే 22వ తేదీన చికాగో నగరపు శివారున, వూల్ఫ్ సరస్సు చేరువనున్న తూములో బాబీ ఫ్రాంక్స్ అను పదునాలుగేండ్ల బాలుని శవము కానవచ్చెను. ముందటి సాయంకాలము బడినుండి ఇంటికి బయలుదేరిన బిడ్డ! ఆ చెంతనే యొక కళ్లజోడు పడియుండెను.

అద్దములు సామాన్యములే, కీలు మాత్రము అరుదైనది. అట్టి జోళ్లు నగరమున మూడే అమ్ముడుపోయినవి. అందొకటి నేథన్ లియోపోల్డ్‌ది. పందొమ్మిదేండ్లకే పట్టభద్రుడు, బహుభాషావేత్త, పక్షిశాస్త్రమునందు ఆరితేరినవాడు. పక్షులను చూడబోయినపుడు జోడు జారిపడెనని యతడు చెప్పెను. నమ్మదగిన మాటయే! హత్యనాడు తన మోటారులో మిత్రుడు రిచర్డ్ లోబ్‌తో షికారు తిరిగితిననియు పలికెను. కాని ఆ దినమున మోటారు ఇల్లు కదలలేదని డ్రైవరు చెప్పుటతో గుట్టు బయటపడెను.

పదివేల డాలర్లు కోరుచు బాలుని తండ్రికి లేఖ వ్రాసిరి గాని, ఆ కోటీశ్వరుల బిడ్డలకు ధనముతో పనిలేదు. పట్టుబడని నేరము చేసి చూడవలెనని వారి కోరిక. బాబీ లోబ్‌కు చుట్టము. వారింట టెన్నిసు ఆడిన పసివాడు.

న్యాయవాది క్లారెన్స్ డారో నేరమును కాదనలేదు. మూడు దినములు వాదించి ఉరిశిక్షనే నిలదీసెను. ముద్దాయిల లేతవయస్సు నెంచి న్యాయమూర్తి కావర్లీ యావజ్జీవమును, దానిపై 99 ఏండ్లును విధించెను.

చెఱలో ఈ యిరువురును తోటి ఖైదీలకు చదువు చెప్పిరి. 1936లో లోబ్‌ను ఒక ఖైదీ చంపెను. లియోపోల్డ్ 1958లో విడుదలయ్యెను. అప్పటికి బాబీ బ్రతికియుండిన నలువది యెనిమిదేండ్లవాడు.