పానాకు బొట్టు, కాంటాకు దండ

దసరా ముందురోజు సాయంత్రం మహబూబాబాద్ జిల్లా కేసముద్రం లాంటి ఊళ్లో బైకు మెకానిక్ షాపులో రిపేరు పని దొరకడం కష్టం. ఆ పూట షాపు తనను తాను బాగుచేసుకుంటుంది. రేకు డబ్బాలో డీజిల్ పోసి పానాలన్నీ అందులో వేస్తారు. పాత బ్రష్షుతో రుద్దితే ఏడాదంతా గ్రీజు కింద దాగిన అంకెలు బయటపడతాయి. పది, పన్నెండు, పద్నాలుగు! తుడిచి, గోనెపట్టా మీద చిన్నదాని నుంచి పెద్దదాని దాకా వరుసగా పేర్చి, ఒక్కోదానికి పసుపు రాసి కుంకుమ బొట్టు పెడతారు. గాలి కొట్టే కంప్రెసరుకు బంతిపూల దండ పడుతుంది.

కొన్ని పెద్ద కంపెనీల్లో ఉద్యోగులు సరదాగా గడపడానికి వేరే విభాగమే ఉంటుంది. నలుగురు పనిచేసే షాపుకు మాత్రం తనదంటూ ఉన్న పండుగ ఆయుధపూజ ఒక్కటే. మిగతా పండుగలన్నీ ఇంటివి.

ఆయుధపూజ ఒకప్పుడు రాజుల పండుగ. విజయనగరంలో మహానవమి రోజుల్లో గుర్రాలకూ ఏనుగులకూ పూలు చల్లి పూజించడాన్ని పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ 1520 ప్రాంతంలో కళ్లారా చూసి రాశాడు. కత్తులు, గుర్రాలు పోయాయి. ఆయుధం అన్న మాటను పానా దాకా, కుట్టుమిషను దాకా, కంప్యూటరు కీబోర్డు దాకా తెచ్చుకున్నది పనిచేసుకు బతికేవాళ్లే. ఉత్తరాదిన, బెంగాల్‌లో ఈ ముచ్చట సాధారణంగా సెప్టెంబరు 17న విశ్వకర్మ పూజగా జరుగుతుంది. మనకు దసరాతో కలిసి వస్తుంది. కొందరు నవమినాడు చేస్తే, కొందరు దసరా పొద్దున చేస్తారు.

కేసముద్రం అంటే చుట్టుపక్కల రైతులకు ముందు గుర్తొచ్చేది వ్యవసాయ మార్కెట్. మక్కలు, వడ్లు, పసుపు వచ్చే ఇలాంటి యార్డుల్లో పనిముట్లు కొన్నే. తూకం వేసే దడువాయికి కాంటా, బస్తాలు మోసే హమాలీకి కొక్కెం. ఎలక్ట్రానిక్ కాంటాకు ఏడాదికోసారి తూనికలు కొలతల శాఖ ముద్ర పడాలి, అది చట్టం. దసరాకు పడే బొట్టు అలాంటిది కాదు, ఎవరూ అడగకుండానే పెడతారు. పూజ కోసం కడిగినప్పుడే తెగబోతున్న బెల్టు, పగిలిన పానా నోరు కంటపడతాయి. భక్తి పేరుతో జరిగే మంచి సర్వీసింగ్ ఇది.

పనిచేసే చోటే పుట్టిన పండుగలు బయటి దేశాల్లోనూ ఉన్నాయి. శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఎక్స్‌ప్లొరేటోరియం అనే సైన్స్ మ్యూజియంలో 1988 మార్చి 14న లారీ షా అనే ఉద్యోగి మొదలుపెట్టిన సరదా ‘పై’ దినోత్సవం అయింది. నెల ముందు, తేదీ వెనక రాసే అమెరికా పద్ధతిలో ఆ రోజు 3.14, గణితంలో ‘పై’ విలువ కూడా సుమారు అంతే మరి! సిబ్బంది గుండ్రంగా తిరిగి, పండ్ల ‘పై’లు తిన్నారు. చివరికి 2019లో యునెస్కో మార్చి 14ను అంతర్జాతీయ గణిత దినోత్సవంగా ప్రకటించింది. కంప్యూటర్లు పాడవకుండా చూసే ఉద్యోగులకు ఏటా జూలై చివరి శుక్రవారం థాంక్స్ చెప్పాలని షికాగోలో టెడ్ కెకటోస్ 2000లో ఇంకో రోజు పెట్టాడు. అక్కడ పువ్వులు మనిషికి అందుతాయి, ఇక్కడ మొదట మిషనుకు.

మహబూబాబాద్ జిల్లా పుట్టినరోజు కూడా దసరాయే, 2016 అక్టోబరు 11. ఈ ప్రాంతానికి పనిముట్ల విలువ బాగా తెలుసు. 2024 సెప్టెంబరు 1న కుండపోత వానకు కేసముద్రం, ఇంటికన్నె మధ్య పట్టాల కింద కంకర కొట్టుకుపోయి రైళ్లు ఆగిపోయాయి. రైల్వే కార్మికులు రాత్రింబగళ్లు పనిచేసి కొద్దిరోజుల్లోనే దారి నిలబెట్టారు. ఆ ఏడు దసరా అక్టోబరు 12న వచ్చింది.

పూజ అయ్యాక బండ్ల చక్రాల కింద నిమ్మకాయలు నలుగుతాయి, షాపు ముందు గుమ్మడికాయ పగులుతుంది. సాయంత్రం జమ్మి చెట్టు దగ్గర, నిన్నటిదాకా షాపులో తిట్లు తిన్న పిల్లగాడు ‘బంగారం’ అంటూ ఉస్తాద్ చేతిలో జమ్మి ఆకు పెట్టి కాళ్లకు మొక్కుతాడు. ఉస్తాద్ అలయ్ బలయ్ ఇచ్చి జేబులో నోటు పెడతాడు. ఏడాదిలో ఆ ఇద్దరూ ఒకరినొకరు హత్తుకునే రోజు బహుశా అదొక్కటే.

మళ్లీ షట్టరు తెరిచినప్పుడు మొదటి బండికి బోల్టు విప్పుతుంటే, పానా మీది అంకె గాడిలో ఇరుక్కున్న పసుపు వేళ్లకు అంటుతుంది.