కెరటోకోనస్ వ్యాధియు, కార్నియా మార్పిడియు

కొన్ని సంవత్సరముల క్రిందట మా తరగతిలో నొక విద్యార్థి నల్లబల్లమీది లెక్కలను తప్పుగా వ్రాసికొనుచుండెను. 3 ను 8 గాను, 1 ని 7 గాను చదువుచుండెను. ఒక్క యేటిలో రెండుమారులు కండ్లజోడు మార్చినను ప్రయోజనము లేకపోయెను. అశ్రద్ధయే కారణమని తలంచి మేము వానిని పలుమారులు గద్దించితిమి. తుదకు కంటివైద్యుడొకరు పరీక్షించి, వానికి కెరటోకోనస్ అను వ్యాధి కలదని తెలిపిరి. నాడు తప్పుచేసినవారము మేమే. అట్టి పొరపాటు మరియొకరు చేయకుందురు గాక యని యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

గడియారపు ముఖముపై నద్దమువలె మన నల్లగ్రుడ్డుపై నొక పారదర్శకమైన పొర కలదు. దీనినే కార్నియా యందురు. మధ్యభాగమున దీని మందము సుమారు అర మిల్లీమీటరు మాత్రమే. ఇందు రక్తనాళములు లేవు. వెలుతురును వంచి కంటిలోపలి తెరపై చేర్చు పనిలో రమారమి మూడింట రెండువంతులు దీనిదే. కెరటోకోనస్ వ్యాధియందు ఈ పొర క్రమక్రమముగా పలుచబడి, శంకువువలె ముందునకు పొడుచుకొని వచ్చును. అందువలన ఒక్కొక్క అక్షరమునకు రెండుమూడు నీడలు కనబడును. రాత్రివేళ దీపములచుట్టు కాంతి చెదరును. 1854లో ఆంగ్లదేశమునందలి లివర్‌పూల్ నగరపు వైద్యుడు జాన్ నాటింగ్‌హామ్ దీనినిగూర్చి విపులముగా గ్రంథము రచించెను. ఈ వ్యాధి తరచుగా యౌవనారంభమున పొడసూపి, నలువదవ యేటి దాపున నెమ్మదించును. కండ్లను గట్టిగా నులుముకొను అలవాటునకును దీనికిని సంబంధము కలదు.

వ్యాధి కలవారికెల్ల శస్త్రచికిత్స యవసరమని భయపడరాదు. మొదట కండ్లజోడును, పిమ్మట గట్టి కాంటాక్టు లెన్సులును పెక్కుమందికి చాలును. వ్యాధి ముదురుచుండినయెడల దానిని నిలుపుటకు వేరొక చికిత్స కలదు. రైబోఫ్లేవిన్ అను బి2 విటమిను చుక్కలను కార్నియాకు పట్టించి, అతినీలలోహిత కిరణములను ప్రసరింపజేసినచో, ఆ పొర గట్టిపడును. జర్మనీలోని డ్రెస్డెన్ నగర వైద్యులు 1990 తరువాతి దశాబ్దమున దీనిని కనుగొనిరి. ఇది వ్యాధిని నిలుపునేగాని, పోయిన చూపును పూర్తిగా మరల్పజాలదు. కావున త్వరగా గుర్తించుట ముఖ్యము.

లెన్సు నిలువనంతగా కార్నియా వంగినను, దానిపై మచ్చ యేర్పడినను, మార్పిడియే శరణ్యము. 1905 డిసెంబరు 7వ తేదీన, ప్రస్తుతము చెక్ దేశమునందున్న ఓలోమోట్స్ పట్టణమున ఎడ్వర్డ్ జిర్మ్ అను వైద్యుడు, సున్నముచే కండ్లు కాలిన యొక కూలివానికి ఈ చికిత్స చేసి, ఒక కంట చూపు నిలిపెను. 1936లో న్యూయార్కునందు రామోన్ కాస్ట్రోవియేహో దీనిని కెరటోకోనస్ రోగికి చేసెను. మన దేశమున 1945లో మద్రాసునందు డాక్టరు ముత్తయ్య నేత్రనిధిని స్థాపించెను.

శస్త్రచికిత్సయందు వైద్యుడు చెడిన కార్నియా నడుమభాగమును గుండ్రముగా కోసి తీసి, మృతుల కంటినుండి గ్రహించిన స్వచ్ఛమైన పొరను అచ్చట నమర్చి, వెండ్రుకకంటె సన్నని దారముతో కుట్టును. ఇటీవల అనేకులకు లోపలి కణముల వరుసను రోగిదే యుంచి, ముందరి పొరలను మాత్రమే మార్చుచున్నారు. శరీరము పరకీయమని నిరాకరించుటకు ముఖ్యస్థానము ఆ లోపలి వరుసయే గనుక, ఈ పద్ధతియందు ఆ భయము తగ్గును.

ఇక ఫలితములు. కార్నియా మార్పిడి పొందిన రోగులందరిలో కెరటోకోనస్ వారికే ఫలము మిక్కిలి మేలుగా నుండును. పది సంవత్సరములైన పిదపను సుమారు పదింట తొమ్మిది మార్పిడులు స్వచ్ఛముగానే నిలుచును. ఏలయన వీరి కార్నియాలో సాధారణముగా రక్తనాళములు ప్రవేశించియుండవు. అయినను ఇరువది యేండ్లకు మించినచో కొన్ని మసకబారును. చిన్నవయస్సున చేయించుకొన్నవారికి రెండవమారు మార్పిడి యవసరము కావచ్చును.

చూపు మరునాడే తేటపడునని యెంచరాదు. కుట్లన్నియు తీయుటకు తరచుగా సంవత్సరమో, అంతకు మించియో పట్టును. పిమ్మట సయితము అనేకులకు కండ్లజోడుగాని లెన్సుగాని కావలసియుండును. మందు చుక్కలను చెప్పినట్లు వేసికొనవలెను. కన్ను ఎఱ్ఱబారుట, వెలుతురు చూడలేకపోవుట, నొప్పి, చూపు తగ్గుట అను వీనిలో నేదైన కనబడిన తక్షణము వైద్యుని చేరవలెను. ఆలస్యము చేయనిచో నిరాకరణమును పెక్కుమారులు అణచవచ్చును. అతికిన చోటు మునుపటి బలమును ఎన్నటికిని పొందదు గనుక, బంతి దెబ్బలనుండి కంటిని జీవితాంతము కాపాడుకొనవలెను.

మా విద్యార్థికి ఒక కంటిని విటమిను చికిత్సచే నిలుపగలిగిరి. రెండవదానికి మార్పిడి జరిగెను. ఆ పొర నిచ్చినవారెవరో వాడెరుగడు. దుఃఖసమయమున నొక కుటుంబము సమ్మతించుటవలననే వానికది లభించెను. మరణించిన ఆరు గంటలలోపల నేత్రనిధికి వర్తమానము పంపుట మంచిది. అంతవరకు మృతుని రెప్పలను మూసి, తడిగుడ్డ కప్పియుంచవలెను. కండ్లజోడు ధరించినవారును, శుక్లములకు చికిత్స పొందినవారును సయితము దానము చేయవచ్చును.

తలిదండ్రులారా! మీ బిడ్డ కండ్లజోడు మాటిమాటికి మారుచున్నయెడల కార్నియాను కూడ పరీక్షింపజేయుడు. బాలబాలికలారా! దురద పుట్టినపుడు కన్ను నులుమక, చల్లని నీటితో కడుగుకొని పెద్దలకు చెప్పుడు. నల్లబల్ల కనబడనియెడల సిగ్గుపడక లేచి చెప్పుడు. ఇకమీదట మేము గద్దింపక, ముందు మీ కండ్లనుగూర్చియే విచారింతుము.