మారిందేమిటి? మారనిదేమిటి?
(భౌతిక, రసాయన శాస్త్రాలు చదివే విద్యార్థులకు)



సైన్సు అంటే మా పిల్లలకు ఎందుకింత భయమని తల్లిదండ్రులు మమ్మల్ని తరచూ అడుగుతుంటారు. మాకు తోచిన కారణం ఒకటుంది. పిల్లలు నిర్వచనాలు కంఠస్థం చేస్తున్నారు కానీ, కళ్లెదుట జరిగేదానితో వాటిని సరిపోల్చుకోవడం లేదు.

ఒకసారి తరగతిలో నీళ్లు మరిగించి, ఉష్ణోగ్రత ఎంతో చూసి రాయమన్నాం. థర్మామీటరు 98 డిగ్రీల దగ్గర ఆగింది. ఒక అమ్మాయి మొదట 98 అని రాసింది. పక్కవాళ్ల నోటుబుక్కు చూసి, అది కొట్టేసి 100 అని వేసింది. ఎందుకమ్మా అంటే, "పుస్తకంలో 100 అనే ఉంది సార్" అంది.

ఆమె మొదట రాసిందే సరైనది. నీరు 100 డిగ్రీల వద్ద మరిగేది సముద్ర మట్టం దగ్గర. మన కొండకల్, చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంతం సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉంది. ఎత్తుకు పోయినకొద్దీ గాలి పీడనం తగ్గుతుంది. పీడనం తగ్గితే నీరు ఇంకాస్త ముందే మరుగుతుంది. ప్రెషర్ కుక్కర్‌లో ఇందుకు వ్యతిరేకంగా జరుగుతుంది. లోపల పీడనం పెరిగి, నీరు సుమారు 120 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. అందుకే పప్పు త్వరగా ఉడుకుతుంది.

ఆ రోజు నుంచి ఏ పాఠం చెప్పినా మేము రెండు ప్రశ్నలు అడుగుతున్నాం. ఇక్కడ మారిందేమిటి? మారనిదేమిటి?

ఉష్ణం, ఉష్ణోగ్రత

మరుగుతున్న నీటి కింద మంట ఎంత పెంచినా థర్మామీటరు కదలదు. ఉష్ణం అందుతూనే ఉంది, ఉష్ణోగ్రత మాత్రం మారడం లేదు. మరి ఆ ఉష్ణమంతా ఏమైంది? నీటి అణువులను ఒకదాని నుంచి ఒకటి విడదీసి ఆవిరిగా మార్చడానికి ఖర్చయింది. దీన్నే గుప్తోష్ణం అంటాం. ఒక గ్రాము నీటిని 0 నుంచి 100 డిగ్రీలకు వేడిచేయడానికి 100 కెలోరీలు చాలు. అదే గ్రాము నీటిని ఆవిరి చేయడానికి మరో 540 కెలోరీలు కావాలి. ఆవిరి చర్మానికి తగిలి నీరుగా మారినప్పుడు ఆ ఉష్ణమంతా మన ఒంటికే చేరుతుంది. అందుకే వేడినీళ్ల కన్నా ఆవిరి ఎక్కువగా కాలుస్తుంది. ఇంట్లో కుక్కర్ మూత తీసేటప్పుడు ఈ మాట గుర్తుంచుకోండి.

ద్రవ్యరాశి, భారం

60 కిలోల బియ్యం బస్తాను చంద్రుడి మీదికి తీసుకుపోయామనుకుందాం. ఒక్క గింజ కూడా తగ్గదు కాబట్టి ద్రవ్యరాశి 60 కిలోలే. కానీ చంద్రుడి ఆకర్షణ భూమి ఆకర్షణలో ఆరో వంతు. ఇక్కడ 588 న్యూటన్లున్న బస్తా భారం అక్కడ 98 న్యూటన్లకు పడిపోతుంది. మారింది భారం, మారనిది ద్రవ్యరాశి. బజారులో మనం కిలోల్లో చెప్పుకునేది ద్రవ్యరాశే అయినా, వాడుకలో దాన్నే బరువు అంటాం. పరీక్షలో చాలామంది తడబడేది ఇక్కడే.

భౌతిక మార్పు, రసాయన మార్పు

మంచు కరిగి నీరైనా, నీరు ఆవిరైనా పదార్థం అదే. ఇది భౌతిక మార్పు. గోడలకు వేసే సున్నం సంగతి వేరు. 100 గ్రాముల సున్నపురాయిని బట్టీలో కాలిస్తే 44 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలిసి, 56 గ్రాముల పొడిసున్నం మిగులుతుంది. అందులో 18 గ్రాముల నీరు కలిస్తే బుసబుసా పొంగి, పొగలు కక్కి, 74 గ్రాముల తడిసున్నం అవుతుంది. గోడకు పూశాక అది గాలిలోంచి మళ్లీ 44 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని, 18 గ్రాముల నీటిని వదిలేస్తుంది. లెక్క చూడండి. 74కు 44 కలిపి 18 తీసేస్తే సరిగ్గా 100. గోడ మీద ఉన్నది మళ్లీ సున్నపురాయే! 1591లో కట్టిన చార్మినార్ రాళ్లను పట్టి ఉంచిన సున్నం కూడా ఇలా గట్టిపడిందే.

అడుగడుగునా పదార్థం మారింది, పరమాణువులు మాత్రం ఒక్కటి కూడా పోలేదు. రసాయన సమీకరణాన్ని తుల్యం చేయడమంటే ఈ జమాఖర్చు సరిచూడటమే. ఒక హెచ్చరిక: సున్నం కంట్లో పడితే చూపుకే ప్రమాదం. పెద్దలు నానబెట్టేటప్పుడు దూరంగా నిలబడి చూడండి. ఎప్పుడైనా కంట్లో పడితే వెంటనే ధారాళంగా నీళ్లతో కడిగి డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

2023 జూన్‌లో మన కొండకల్‌లోనే రైలు పెట్టెల కర్మాగారం మొదలైంది. 10 మీటర్ల ఉక్కు కడ్డీ 40 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 5 మిల్లీమీటర్లు సాగుతుంది. అలాంటి చోట పనిచేసేవారు కొలిచింది కొలిచినట్టు రాయాలి. పుస్తకంలో మరో అంకె ఉందని దిద్దితే ప్రయాణికుల ప్రాణాల మీదికి వస్తుంది. ఆ గేటు లోపల ఇంజనీర్లుగా, టెక్నీషియన్లుగా మన ఊరి పిల్లలు ఉండాలన్నది మా కోరిక.

పుస్తకం మీద గౌరవం ఉండాల్సిందే. కానీ మీరు చూసింది పుస్తకంతో కలవకపోతే కొట్టేయకండి. మళ్లీ ఒకసారి కొలవండి. అప్పటికీ కలవకపోతే ఎందుకని అడగండి. ఆ ప్రశ్న కోసమే మేము తరగతిలో ఎదురుచూస్తుంటాం.